రక్షణ ఖర్చును దేశ వ్యూహంతో ముడిపెట్టడం: 3 శాతం కంటే ముందు తేల్చాల్సిన లెక్కలు

ప్రశ్న ఇది: "రక్షణ బడ్జెట్ ఏటా పెరుగుతోంది. అయినా వైమానిక దళంలో స్క్వాడ్రన్లు తగ్గుతున్నాయి, జలాంతర్గాములు ఏళ్ల తరబడి ఆలస్యమవుతున్నాయి. జీడీపీలో 3 శాతం ఇస్తే సరిపోతుందా? అసలు బలగాలనూ ఖర్చునూ దేశ వ్యూహానికి తగ్గట్టు ఎలా అమరుస్తారు?"

3 శాతంతో సరిపోదు. 2025-26 బడ్జెట్‌లో రక్షణ శాఖకు ఇచ్చింది 6,81,210 కోట్ల రూపాయలు. ఆ ఏడాదికి అంచనా వేసిన జీడీపీ సుమారు 357 లక్షల కోట్లు. అంటే 1.9 శాతం. దీన్ని 3 శాతం చేయాలంటే ఏటా ఇంకో 3.9 లక్షల కోట్లు కావాలి. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ మొత్తమే 50.65 లక్షల కోట్లు, అందులో 13.45 శాతం అప్పటికే రక్షణకు పోయింది. ఆర్థిక శాఖ అంత ఇవ్వలేదు. ఒకవేళ ఇచ్చినా, ఏ పనికి ఎంత బలం కావాలో తేల్చకుండా ఇచ్చిన డబ్బు పాత వాటాల్లోనే పంచుకుపోతుంది. అందుకే శాతం గురించి వాదించే ముందు డబ్బు ఎక్కడికి పోతోందో చూడాలి.

బడ్జెట్ పత్రాల్లో రక్షణ శాఖవి నాలుగు పద్దులు, 19 నుంచి 22 వరకు. 19వది పౌర విభాగం. సరిహద్దు రోడ్ల సంస్థ, తీర రక్షక దళం ఇందులోనే ఉంటాయి. 20వది రెవెన్యూ: జీతాలు, ఇంధనం, మందుగుండు, విడిభాగాలు, మరమ్మతులు. 21వది మూలధన వ్యయం. 22వది పింఛన్లు. 2025-26లో వీటికి వరుసగా 28,683 కోట్లు, 3,11,732 కోట్లు, 1,80,000 కోట్లు, 1,60,795 కోట్లు ఇచ్చారు. మూలధనంలోంచి పరిశోధనకు, నిర్మాణాలకు పోగా ఆయుధాలు, విమానాలు, నౌకలు కొనడానికి మిగిలింది 1,48,723 కోట్లు. పింఛన్ల పద్దు దీనికంటే పెద్దది. ఇలా ఉండాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. దశాబ్దాల క్రితపు నిర్ణయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఇలా తేలింది. ఒక దేశపు అసలు వ్యూహం ఏమిటో తెలియాలంటే నేను ప్రసంగాలు చూడను, ఈ నాలుగు పద్దుల నిష్పత్తి పదేళ్లలో ఎటు కదిలిందో చూస్తాను.

కొనుగోలుకు మిగిలిన ఆ 1.48 లక్షల కోట్లలోనూ చేతికి అందేది కొంతే. ఒప్పందం మీద సంతకం కాగానే కొంత అడ్వాన్సు ఇస్తారు. మిగతా సొమ్మును సరఫరా జరిగే కొద్దీ అయిదు నుంచి పదేళ్ల పాటు విడతలుగా చెల్లిస్తారు. కాబట్టి ఏ ఏడాది చూసినా మూలధనంలో అధిక భాగం పాత సంతకాలకే పోతుంది. ఇది హద్దు దాటితే ఏమవుతుందో 2018లో బయటపడింది. 2018-19కి సైన్యం ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే నడుస్తున్న 125 పథకాలకు కట్టాల్సిందే 29,033 కోట్లు. ఈ మాటను సైన్యం ఉప ప్రధానాధికారి స్వయంగా పార్లమెంటు స్థాయీ సంఘం ముందు చెప్పారు. తమ ఆయుధాల్లో 68 శాతం కాలం చెల్లినవి, 24 శాతం నేటి తరానివి, 8 శాతమే అత్యాధునికమైనవి అని కూడా చెప్పారు. కొత్తగా ఒక్క తుపాకీ కొనకపోయినా 7,695 కోట్లు తక్కువ పడ్డాయన్న మాట. వ్యూహం రాసే వాళ్లకు మొదట కావాల్సిన అంకె ఈ పాత బాకీయే. వచ్చే పదేళ్లలో ఏ ఏడాది ఎంత పాత బాకీ ఉంది, ఎంత ఖాళీ మిగులుతుంది అన్న పట్టిక లేకుండా చేసే ప్రణాళిక నేల విడిచి సాము చేయడమే.

దీనికి మన దగ్గర ఉన్న పెద్ద ఉదాహరణ పర్వత యుద్ధానికి ఉద్దేశించిన 17వ కోర్ (కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద సైనిక దళం). చైనా సరిహద్దులో కేవలం కాచుకుని కూర్చోకుండా ఎదురుదాడి చేయగల బలగం కావాలన్నది వ్యూహం. మంచి వ్యూహమే. 2013 జులైలో భద్రతా వ్యవహారాల మంత్రివర్గ సంఘం ఆమోదించింది. సుమారు 64,000 కోట్ల ఖర్చు, 90,000కు పైగా అదనపు సైనికులు, రెండు డివిజన్లు. కానీ సైన్యం బడ్జెట్‌లో ఆ మేరకు అదనపు కేటాయింపు రాలేదు. అప్పుడు జరిగింది చూడండి. కొత్త యూనిట్లకు ఇవ్వడానికి యుద్ధ అవసరాల కోసం దాచిన నిల్వల్లోంచి సామగ్రి తీశారు. 2014 డిసెంబరులో స్థాయీ సంఘం దీన్ని తప్పుపట్టింది. పానాగఢ్ డివిజన్ ఏర్పడింది. పఠాన్‌కోట్‌లో తలపెట్టిన రెండోదాని పని 2018 నాటికి ఆగిపోయింది. 2020 జూన్ 15న గల్వాన్‌లో 20 మంది జవాన్లు అమరులయ్యారు. ఆ తర్వాత 2021లో, అప్పటిదాకా పాకిస్తాన్ వైపు మైదాన యుద్ధానికి సిద్ధమై ఉన్న మథుర 1వ కోర్‌ను ఉత్తర సరిహద్దుకు మళ్లించారు. 17వ కోర్‌ను తూర్పు వైపుకు పరిమితం చేశారు.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటే. 2021లో చేసిన పని 2013లోనూ సాధ్యమే. పాకిస్తాన్ మీద దాడికి మూడు కోర్‌లు, చైనా మీద ఒక్కటీ లేదు అన్న అమరిక అప్పటికే వ్యూహానికి ఎదురుగా ఉంది. ఉన్నదాన్ని తగ్గించి కొత్త పనికి మళ్లించే బదులు, పాతదాన్ని అలాగే ఉంచి దాని మీద కొత్తది పెంచబోయారు. మళ్లించమని సైన్యానికి చెప్పగల అధికారం ఉన్నది రాజకీయ నాయకత్వానికే. అక్కడి నుంచి ఆ మాట రాలేదు.

మరి సరైన వరుస ఏమిటి?

మొదట రాజకీయ నాయకత్వం లిఖితపూర్వకంగా చెప్పాల్సింది ఆశయాలు కాదు, పనులు. చైనా సరిహద్దులో ఉన్నచోట నిలబడాలా, కోల్పోయినది తిరిగి లాక్కోవాలా, ఇంకోచోట పట్టుకోవాలా? ఈ మూడింటికి కావాల్సిన బలగాలు వేరువేరు. రెండు సరిహద్దుల్లోనూ ఒకేసారి పూర్తి యుద్ధమా, ఒకచోట యుద్ధం, ఇంకోచోట కాపలానా? ఎన్ని రోజులు? ఎంత ముందుగా మనకు తెలుస్తుంది? హిందూ మహాసముద్రంలో మన ఆధిపత్యం నడవాలా, శత్రువుకు మాత్రం దారి లేకుండా చేస్తే చాలా? రక్షణ మంత్రి ఇచ్చే ఆపరేషనల్ డైరెక్టివ్ ఒకటి ఉంది, 2009 నాటి దానితో చాలా ఏళ్లు నడిచింది. ప్రభుత్వం బహిరంగంగా ప్రచురించిన జాతీయ భద్రతా వ్యూహ పత్రం మాత్రం లేదు. 2018లో జాతీయ భద్రతా సలహాదారు అధ్యక్షతన ఏర్పాటైన రక్షణ ప్రణాళికా సంఘానికి అప్పగించిన పనుల్లో దాని ముసాయిదా ఒకటి. పత్రం రహస్యంగా ఉన్నా ఫరవాలేదు. కానీ దాన్ని చదివిన అధికారి అందులోంచి ఒక అంకె లెక్కగట్టగలగాలి.

అలా అంకెగా మారిన పత్రం ఎలా పనికొస్తుందో మందుగుండు విషయంలో స్పష్టంగా తెలుస్తుంది. 40 రోజుల ఘాటైన యుద్ధానికి సరిపడా నిల్వ ఉండాలన్నది 2017 కాగ్ నివేదిక నాటి నియమం, కనీసం 20 రోజులకన్నా తగ్గకూడదు. రోజులు చెప్పారు కాబట్టి ప్రతి ఫిరంగి రోజుకు ఎన్ని గుండ్లు పేలుస్తుందో తెలుసు, నిల్వ ఎంత ఉండాలో తేలుతుంది, ఎంత తక్కువ పడిందో కాగ్ లెక్కగట్టగలిగింది. 2016 సెప్టెంబరు నాటికి 152 రకాల్లో 61 రకాలు పది రోజులకు కూడా సరిపోవని 2017 నివేదికలో తేల్చింది. ఉరి దాడి తర్వాత హడావిడిగా వేల కోట్ల అత్యవసర కొనుగోళ్లు జరిగాయి. ఈ లోటు ఎందుకు వస్తుందంటే, బడ్జెట్ కోత పడినప్పుడు జీతాలు ఆపలేరు, సంతకం చేసిన వాయిదాలు ఆపలేరు. ఎవరికీ కనిపించకుండా కోయగలిగింది 20వ పద్దులోని మందుగుండు, విడిభాగాలు మాత్రమే. కవాతులో విమానం కనిపిస్తుంది, గోదాములో లేని గుండు కనిపించదు.

రెండోది, బలగాల ప్రణాళిక మొదలుపెట్టక ముందే ఆర్థిక శాఖ పదేళ్ల సొమ్ము ఎంతో చెప్పాలి. ఖచ్చితంగా కాకపోయినా తక్కువలో తక్కువ ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత అని చెబితే చాలు. ఫ్రాన్స్ 2024-30 కాలానికి 413 బిలియన్ యూరోలని చట్టమే చేసింది. అక్కడా ప్రతి ఏడాది పార్లమెంటు బడ్జెట్ ఆమోదించాల్సిందే, కానీ దళాలూ కంపెనీలూ ఏడేళ్ల ముందుచూపుతో పనిచేయగలవు. మన దగ్గర పదేళ్ల సమగ్ర సామర్థ్య ప్రణాళిక, దాని కింద అయిదేళ్ల కొనుగోలు ప్రణాళిక, దాని కింద వార్షిక ప్రణాళిక అని మూడు అంచెలున్నాయి. ఏ అంచెకూ ఆర్థిక శాఖ ముందుగా మాటిచ్చిన మొత్తం లేదు. మార్చి 31లోగా ఖర్చు కాని మూలధనం వెనక్కి పోతుంది. దీనికి మందుగా 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి 2,38,354 కోట్లతో, ఏడాది చివర మురిగిపోని ప్రత్యేక నిధి సిఫారసు చేసింది. ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకున్న ఆ నిధిని అయిదేళ్లలోనే ఆచరణలో పెట్టి ఉండాల్సింది.

మూడోది చిన్న గుణకారం. చర్చల్లో దీన్ని దాదాపు ఎవరూ చేయరు. ఒక బలాన్ని నిలబెట్టడానికి ఏటా ఎన్ని కొనాలి? ఉండాల్సిన సంఖ్యను ఆయుష్షుతో భాగించండి. వైమానిక దళానికి మంజూరైనవి 42 స్క్వాడ్రన్లు. ఒక్కోదానికి 18 చొప్పున 756 యుద్ధ విమానాలు. ఆయుష్షు 35 ఏళ్లనుకుంటే ఏటా దాదాపు 22 విమానాలు చేరాలి, ఉన్నచోటే ఉండటానికి. 2025 సెప్టెంబరులో 97 తేజస్ మార్క్-1ఏ విమానాలకు 62,370 కోట్ల ఒప్పందం కుదిరింది. అనుబంధ సామగ్రితో కలిపి ఒక్కోటి సుమారు 643 కోట్లు. ఆ ధరకు 22 విమానాలంటే ఏటా 14,000 కోట్లు. 2025-26లో త్రివిధ దళాల విమానాలు, ఇంజిన్లకు పెట్టినది 48,614 కోట్లు. కాబట్టి డబ్బు ఒక్కటే అడ్డు కాదు.

మరి అడ్డు ఏమిటి? 2012 చివర్లో 42 సుఖోయ్‌లకు సంతకం జరిగింది. 2013 నుంచి 2020 వరకు ఎనిమిదేళ్లలో వైమానిక దళానికి కొత్త యుద్ధ విమానాల ఒప్పందం ఒక్కటే, 2016 నాటి 36 రఫేల్‌లు. ఏటా 22 చొప్పున 176కు సంతకాలు జరగాల్సిన కాలంలో 36. అదే ఇప్పుడు ఖాళీగా కనిపిస్తోంది. 2007లో పిలిచిన 126 విమానాల టెండరు ఎనిమిదేళ్లు సాగి రద్దయింది. 2021లో ఆర్డరిచ్చిన 83 తేజస్‌లు 2024లో రావడం మొదలు కావాలి, అమెరికా నుంచి ఇంజిన్లు ఆలస్యమై ఆగాయి. 2025 సెప్టెంబరు 26న మిగ్-21లు విరమించాక స్క్వాడ్రన్లు 29కి దిగాయి. జాగ్వార్, మిరాజ్, మిగ్-29ల వంతు కూడా దగ్గరపడుతోంది. ఏళ్ల తర్వాత ఎదురయ్యే కొరతను ఈ ఏడాది సంతకమే నిర్ణయిస్తుంది. అయిదేళ్లు ఏమీ కొనకపోతే ఆ సంవత్సరపు బడ్జెట్ బాగానే కనిపిస్తుంది. అందుకే మోసపోతాం.

జలాంతర్గాములకూ ఇదే లెక్క. 1999లో ఆమోదించిన ముప్పై ఏళ్ల ప్రణాళిక 24 కొత్త జలాంతర్గాములు కావాలంది. అంటే పదేళ్లకు ఎనిమిది. 2005లో ఒప్పందమైన ఆరు కల్వరి తరగతి జలాంతర్గాముల్లో మొదటిది 2017 డిసెంబరులో, ఆరోది 2025 జనవరిలో నౌకాదళంలో చేరాయి. పైగా వాటికోసం అనుకున్న భారీ టార్పెడోల కొనుగోలు 2016లో రద్దయింది. జలాంతర్గామి వచ్చింది, దాని ప్రధాన ఆయుధం రాలేదు. పాత టార్పెడోలతోనే నెట్టుకొచ్చారు. కొనుగోలు ప్రతిపాదన వచ్చినప్పుడు అడగాల్సిన ప్రశ్న ఇక్కడుంది: ఆయుధం, సిబ్బంది శిక్షణ, సిమ్యులేటరు, రెండు మూడేళ్ల విడిభాగాలు, మరమ్మతు డాక్, ఇవన్నీ అదే ఫైలులో, అదే ధరలో ఉన్నాయా? వేరే ఫైలులో ఉంటే అది ఎప్పుడు సంతకమవుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

నాలుగోది కష్టమైనది, కోత. వ్యూహ పత్రం నిజమైనదో కాదో తెలుసుకోవడానికి నేను చూసేది, అందులో ఏం వద్దన్నారో. 2023 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా రక్షణ సమీక్ష పదాతి దళ పోరాట వాహనాలను 450 నుంచి 129కి తగ్గించింది. స్వయంచాలిత ఫిరంగుల రెండో రెజిమెంటును రద్దు చేసింది. ఆ సొమ్ము దూరశ్రేణి రాకెట్లకు, సైన్యాన్ని ద్వీపాలకు చేర్చే పడవలకు మళ్లించింది. దేశానికి ప్రమాదం సముద్రం మీద నుంచి అని ఒప్పుకున్నాక భూమ్మీది బండ్లు తగ్గాలి కదా. చైనా 2015లో సముద్రానికి ప్రాధాన్యమని శ్వేతపత్రంలో రాసి, అదే ఏడాది సెప్టెంబరులో మూడు లక్షల బలగాన్ని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మన దగ్గర ఈ మాట చెప్పాల్సిన వ్యవస్థ 2020లో మొదలైన త్రిదళాధిపతి పదవి. మూడు దళాల కోరికలను కలిపి ఒక వరుసలో పెట్టడం దాని పనుల్లో ఒకటి. ఆ వరుస చివర నిలిచిన పథకాలను నిజంగా ఆపితేనే దానికి విలువ. ఒక ప్రాంతంలోని మూడు దళాలనూ ఒకే అధికారి కింద పెట్టే ఉమ్మడి థియేటర్ కమాండ్‌ల చర్చలో అందరూ ఎవరు ఎవరికి లోబడాలన్నదే చూస్తున్నారు. ప్రాధాన్యాల జాబితా మీద సంతకం ఎవరిదన్నది నాకు అంతకంటే ముఖ్యం.

మనుషుల విషయంలో నిర్ణయం ఆయుధాల కంటే దీర్ఘకాలం వెంటాడుతుంది. మామూలు జవాను పదిహేను ఏళ్లకు పైగా పనిచేసి, ఆ తర్వాత జీవితాంతం పింఛను అందుకుంటాడు, అతని తర్వాత భార్యకు కుటుంబ పింఛను ఉంటుంది. అది అతని హక్కు, ఆ బాధ్యత దేశానిది. అందుకే కొత్త డివిజన్ ప్రతిపాదన మీద ఇప్పటి జీతం మాత్రమే రాస్తే సరిపోదు, యాభై ఏళ్ల ఖర్చు రాయాలి. 2022 అగ్నిపథ్ నాలుగేళ్ల సర్వీసు, నాలుగో వంతు మందిని కొనసాగించడం అన్న పద్ధతి తెచ్చింది. దాని మీద వాదనలు ఎలా ఉన్నా, పింఛన్ల పద్దులో దాని ఊరట 2037 దాటాకే మొదలవుతుంది, ఎందుకంటే 2022లో పాత పద్ధతిలో చేరి ఉంటే పింఛను మొదలయ్యేది అప్పుడే. ఈ దశాబ్దపు ఆయుధాలకు అందులోంచి డబ్బు రాదు.

స్వదేశీ కొనుగోళ్ల గురించి ఒక మాట. 2025-26 కొనుగోలు సొమ్ములో 75 శాతం, 1,11,545 కోట్లు, దేశీయ పరిశ్రమకు కేటాయించారు. ఇది మన ప్రాంతానికి నేరుగా తగిలే విషయం. హైదరాబాద్‌లో క్షిపణులు చేసే భారత్ డైనమిక్స్, ప్రత్యేక లోహాలు చేసే మిధాని, వాటికి విడిభాగాలు చేసే చిన్న పరిశ్రమలు ఉన్నాయి. మెదక్ ఆయుధ కర్మాగారంలో సాయుధ వాహనాలు తయారవుతాయి. విశాఖలో అణు జలాంతర్గాములు కట్టే కేంద్రం, టార్పెడోలు రూపొందించే ప్రయోగశాల, హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉన్నాయి. ఈ యూనిట్లకు కావాల్సింది ఒకేసారి వచ్చే పెద్ద ఆర్డరు కాదు, ఏటా ఆగకుండా వచ్చే ఆర్డరు. మూడేళ్లు నిండుగా, రెండేళ్లు ఖాళీగా ఉంటే నైపుణ్యం ఉన్న ఫిట్టరు, వెల్డరు వేరే పనికి వెళ్లిపోతారు. తర్వాతి ఆర్డరు నాణ్యత పరీక్షల్లో ఆ లోటు కనిపిస్తుంది. 2022 మేలో భారత్ డైనమిక్స్‌తో అస్త్ర మార్క్-1 క్షిపణుల కోసం 2,971 కోట్ల ఒప్పందం కుదిరింది. క్షిపణి లాంటి ఖర్చైపోయే ఆయుధాలకు అలాంటి ఆర్డరు ముగియక ముందే తర్వాతిది సిద్ధంగా ఉండాలి.

ఇక మీ ప్రశ్నకు తిరిగి వస్తే, 3 శాతం రాకపోయినా ఒక ఏడాది 50,000 కోట్లు అదనంగా దొరికాయనుకోండి. నేనైతే మొదట మందుగుండు, విడిభాగాల లోటు పూడుస్తాను. అది ఏడాది రెండేళ్లలో ఖర్చవుతుంది, ఉన్న బలగాన్నే నిజమైన బలగంగా చేస్తుంది. తర్వాత క్షిపణులు, గగనతల రక్షణ, డ్రోన్లను అడ్డుకునే వ్యవస్థలు. వీటికి కర్మాగారాలు ఇప్పటికే నడుస్తున్నాయి కాబట్టి డబ్బు మురిగిపోదు. మూడోది ఒప్పందం సిద్ధంగా ఉన్న జలాంతర్గాములకు మొదటి విడత, అయితే తర్వాతి విడతలు వచ్చే పదేళ్ల పట్టికలో పడతాయని ఆర్థిక శాఖ ముందే రాసి ఇస్తేనే. కొత్త డివిజన్లకు, కొత్త ప్రధాన కార్యాలయాలకు మాత్రం అందులోంచి ఒక్క రూపాయి వద్దు. ఒక్కసారి వచ్చిన సొమ్ము ఏటా ఇవ్వాల్సిన జీతాన్ని మోయలేదు.